వడియాల రోజు దారి లేదు

మా అత్తగారికీ పక్కింటి శేషమ్మగారికీ పడదన్న సంగతి మా వీధిలో పాలు పోసే మనిషికి కూడా తెలుసు. ఒకే సందుకు అటొకరూ ఇటొకరూ ముప్ఫై ఏళ్ళు కాపురాలు చేసి ఒకరితో ఒకరు పెదవి విప్పలేదు. పేరంటానికి పిలవాలన్నా మూడో మనిషిచేత బొట్టు పెట్టించేవారు. ఇంత చక్కటి విరోధం మా ఇంట్లో ఉన్నందుకు సంతోషించిన మొదటి మనిషి మాత్రం మా ప్లీడరు జోగారావుగారు.

"నిజంగానే మాటల్లేవా అమ్మా?" అన్నారు ఆశగా, కళ్ళజోడు పైకి తోసుకుంటూ.

"పెద్దవాళ్ళిద్దరికీ లేవండి."

"ఆ సందులో నడవడానికి మీవాళ్ళు ఎప్పుడైనా ఆవిణ్ణి అడిగారా?"

"అడిగితే మాట్లాడినట్టవుతుంది కదండీ."

"భేషు!" అన్నారాయన, నేనేదో పరీక్ష పాసైనట్టు. "దారి హక్కు పుట్టాలంటే ఇరవై ఏళ్ళు నడవాలమ్మా. దొంగచాటుగా కాదు, అందరూ చూస్తుండగా. తగూ పెట్టుకుని కాదు, నెమ్మదిగా. అన్నిటికన్నా ముఖ్యం, అడక్కుండా నడవాలి. 'మీ సందులోంచి వెళ్ళమంటారా' అని అడిగి నడిస్తే వందేళ్ళు నడిచినా అది వాళ్ళ దయే. అడక్కుండా నడిస్తే ఇరవై ఏళ్ళకి మీ హక్కు."

"అంటే మర్యాదస్థులకి హక్కు రాదన్నమాట."

"చట్టం ఆ మాట అనదమ్మా," అన్నారు జోగారావుగారు. "అర్థం మటుకు అదే."

నా పక్కన కూర్చున్న మా ఆడపడుచు విశాలాక్షి నవ్వలేదు. నవ్వే స్థితిలో లేదు. ఆ సందు మూసేస్తే ఆవిడ ఇంట్లోంచి బయటికి రావడానికి ఇంకో తలుపు లేదు.

మా పెద్దాపురం ఇళ్ళు వెడల్పు తక్కువ, పొడుగెక్కువ. మాది వీధిలో మొదలై రైలు పెట్టెల్లా గది వెనక గదిగా సాగుతుంది. మా అత్తగారు పోయాక అన్నాచెల్లెళ్ళు పంపకాలు రాసుకున్నారు. ముందు భాగం మా ఆయన సోమయాజులుగారికి, వంటింటి వెనక రెండు గదులూ విశాలికి. విశాఖలో పాఠాలు చెప్పుకునే విశాలి స్వచ్ఛంద విరమణ తీసుకుని, సామాన్లంతా లారీలో వేయించుకుని వచ్చేసింది. సామాన్లంటే మంచాలూ బీరువాలూ కాదు. రాళ్ళు, సీసాలు, తీగలు. పెళ్ళి చేసుకోలేదు. పాత కట్టడాల సున్నం వయసు లెక్కకట్టే పని పెట్టుకుంది.

వంటింట్లోంచి ఆ గదులకు తలుపుండేది. పదకొండేళ్ళ కిందట ఒక రోజు విశాలి సున్నం కరిగించే యాసిడ్‌ని నా చారుగిన్నెలో పోసి పొయ్యిగట్టు మీద మరిచిపోయింది. మా ఆయన భోజనానికి కూర్చుని అందులో గరిటె ముంచారు. బుస్సుమని పొంగింది కాబట్టి సరిపోయింది. ఆ వారంలోనే తలుపు తీసేసి అక్కడ గోడ కట్టించేశాం. చెల్లెల్ని గోడ అవతల పెట్టాడని బంధువులంతా మా ఆయన్ని ఆడిపోసుకున్నారు. కట్టమన్నది నేను. ఆయన ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని నేనూ ఇంతవరకు అడగలేదు.

అప్పట్నుంచీ విశాలికి సందే దారి. నాలుగడుగుల వెడల్పు, పాతకాలపు సున్నపు గచ్చు. కాగితాల ప్రకారం అది శేషమ్మగారిది. ఆవిడ పోయాక వీలునామా మీద ఆవిడ కూతురు తాయారుకి వచ్చింది. తాయారు రాజమండ్రిలో ఉంటుంది. పాతిల్లు పడగొట్టి అపార్టుమెంటు కట్టుకోమని ఒక బిల్డరుకి ఇచ్చింది. ఆ సందులోనే పిల్లర్లు లేస్తాయనీ, ఉగాది వెళ్ళాక దారి మూసేస్తామనీ నోటీసు వచ్చింది.

"సాక్షులెవరున్నారు?" అన్నారు జోగారావుగారు.

"నడిచినవాళ్ళు సగంమంది పోయారండి," అన్నాను.

"గచ్చు ఉంది," అంది విశాలి, ఆ రోజు మొదటిసారి నోరు విప్పి.

* * *

నేను కెమిస్ట్రీలో బీయస్సీ చదివాను. ఆ చదువు ఇన్నాళ్ళూ ఇడ్లీపిండి పులియడానికే పనికొచ్చింది. విశాలి చెప్పింది అర్థం కావడానికి కూడా సరిపోయింది. సున్నపు గచ్చు వేసిన రోజునే గట్టిపడిపోదు. వందేళ్ళు గాలి పీలుస్తూ కొంచెం కొంచెం రాయిగా మారుతూనే ఉంటుంది. పగటి ఎండకీ రాత్రి చలికీ రోజుకో సన్నటి గీత పడుతుంది, చెట్టు మానులో ఏడాదికో వలయం పడ్డట్టు. మీద అడుగు పడినప్పుడల్లా ఆ బరువుకి లోపలి పలుకుల్లో రవ్వంత శక్తి చిక్కుకుని అక్కడే ఉండిపోతుంది. చీకట్లో వేడి తగిలిస్తే అది వెలుగై బయటికి వస్తుంది. తక్కువ వేడికి నిన్నటి అడుగు, ఎక్కువ వేడికి నలభై ఏళ్ళనాటి అడుగు.

అలా వేడి తగిలించే యంత్రానికి ఆమె ఏదో పొడుగాటి పేరు పెట్టి పేటెంటు తీసుకుంది. నేను గచ్చుదీపం అనేదాన్ని. చూడ్డానికి చక్రాలున్న ఇస్త్రీపెట్టెలా ఉండేది.

"ముందు నీ వంటింట్లో ట్రయలు వేద్దాం వదినా. అదీ పాత గచ్చే కదా," అంది.

గచ్చు తీసేసి టైల్సు వేయిద్దామని మా ఆయన పదిహేనేళ్ళుగా అంటున్నారు, నేను పడనివ్వలేదు. ఒప్పుకున్నాను. మధ్యాహ్నం కిటికీలకు దుప్పట్లు కట్టి, గట్టుమీది గిన్నెలన్నీ నేను స్వయంగా లోపల పెట్టి (జాగ్రత్త), దీపం వెలిగించాం.

ముందుగా నా అడుగులే వచ్చాయి. పొయ్యి నుంచి పంపు దాకా, పంపు నుంచి పొయ్యి దాకా, ఒకదాని మీద ఒకటి పడి పడి పాలలా తెల్లటి చార. నూతిగట్టు మీద తాడు ఒరుసుకున్న గాడి ఎలా ఉంటుందో అలా. మా ఆయనవి రెండే చోట్ల వెలిగాయి: పీట దగ్గర, ఫ్రిజ్ దగ్గర.

"దస్తావేజు ఎవరి పేరనుందీ ఇల్లు?" అన్నాను.

"నా పేరనే," అన్నారాయన చీకట్లోంచి, కాస్త అనుమానంగా.

"మంచిది. ఊరికే అడిగాను."

విశాలి వేడి పెంచింది. నా అడుగులు ఆరిపోయి, వాటి కింద మరికొన్ని నా అడుగులు వెలిగాయి, ఇంకా చురుగ్గా, మునివేళ్ళ మీద. అప్పుడు, గడప దగ్గర, బొటనవేలంత పాదం. పక్కన ఇంకొకటి. మూడు అడుగులు, ఆ తర్వాత రెండు అరచేతులు, మళ్ళీ లేచి నాలుగు అడుగులు. సరిగ్గా నేను పొయ్యి ముందు నిలబడిన చోటికి.

ఇప్పుడు కరీంనగర్‌లో టీచరు మా అమ్మాయి. అది మొదటిసారి నడిచిన రోజు నేను చూడలేదు. ఉప్మా కలుపుతూ ఉన్నాను. వెనకనుంచి చీర కుచ్చిళ్ళు పట్టుకుంటే తిరిగి చూశాను, అంతే.

నీలంగా వెలిగిన ఆ ఏడడుగులూ చూస్తుండగానే సన్నగిల్లి పోయాయి.

"మళ్ళీ వెయ్యి," అన్నాను.

"మళ్ళీ రాదు వదినా. చదివేస్తే ఖాళీ అయిపోతుంది. వెలుగు రూపంలో వెళ్ళిపోతుంది కదా."

"ఫొటో తీశావు కదూ?"

విశాలి తన సంచివైపు చూసింది. కెమెరా అందులోనే ఉంది. ఉత్త ట్రయలే కదా అనుకుందిట.

నేను కిటికీ దుప్పట్లు విప్పాను. గచ్చు మామూలుగా ఉంది, తడిబట్ట పెట్టి తుడిచినట్టు. మూడు రోజులు మా ఆడపడుచుతో మాట్లాడలేదు. మాట్లాడకపోవడం మా ఇంటి సంప్రదాయం కదా.

* * *

నాలుగో రోజు ఆమే గోడ అవతలనుంచి కొట్టింది. మా మధ్య గోడకో భాష ఉంది. రెండు దెబ్బలంటే కరివేపాకు కావాలని. ఆ రోజు చాలా దెబ్బలు కొట్టింది. నేను వీధిలోంచి తిరిగి సందులోకి వెళ్ళాను.

"మూడు కెమెరాలు పెట్టాను వదినా," అంది. కళ్ళు వాచి ఉన్నాయి.

"నాలుగోది నా ఫోను," అన్నాను. అక్కడితో రాజీ.

పక్కిల్లు తాళంవేసి ఉంది. నల్ల టార్పాలిన్లు మూడు సందు పొడుగునా కట్టాం. అంచులు ఇటుకలతో తొక్కిపెట్టే పని మా ఆయనది. లోపల పట్టపగలే కాటుకలాంటి చీకటి, ఇడ్లీగిన్నె మూత తీసినప్పటి వేడి.

ముందు కొరియరు మనిషి బూట్లు. గ్యాసుబండ దొర్లించిన వంపులు. నా చెప్పులు, విశాలి చెప్పులు, ఆవిడ రాళ్ళపెట్టె ఈడ్చిన గీత. "పదకొండేళ్ళు," అని గొణుక్కుంటూ విశాలి వేడి పెంచింది. చెప్పులు పోయి ఉత్త పాదాలొచ్చాయి. పాలబిందె, కట్టెలమోపు కింద నొక్కుకుపోయిన మడమలు. కొత్తకోడలిగా నా పాదాలు, వేళ్ళు లోపలికి ముడుచుకుని. అంత భయంగా నడిచేదాన్నని నేనే మరిచిపోయాను.

ఇరవై ఏళ్ళేమిటి, ముప్ఫై ఏళ్ళ నడక గుట్టలుగా ఉంది. కేసు గెలిచినట్టే. మా ఆయన టార్పాలిన్ బయటనుంచి, "ఏమైనా వచ్చిందా?" అంటే, "బోలెడు," అని అరిచాను.

అంతలో విశాలి నా మోచెయ్యి పట్టుకుంది.

మా అత్తగారి పాదాలు. వాటిని నేను గుర్తుపట్టకపోతే ఎవరు పడతారు, శ్రావణమాసాల్లో పసుపు రాసింది నేనేగా. వెడల్పుగా, బొటనవేలు పక్కకి జరిగి. అవి మా పక్క తలుపులోంచి వచ్చి, సందు మధ్యకి వెళ్ళి, ఆగాయి. వాటికి ఎదురుగా శేషమ్మగారి వంటింటి గుమ్మం నుంచి ఇంకో జత వచ్చి ఆగింది. కుడికాలు కొంచెం ఈడుస్తుందావిడ, ఆ చారతో సహా. రెండు జతలూ ఎదురెదురుగా, జానెడు దూరంలో. పక్కనే నడిచిన అడుగులు మిణుగురుల్లా ఉంటే ఇవి దీపాల్లా ఉన్నాయి.

"ఎక్కువసేపు నిలబడితే అలా వస్తాయి," అంది విశాలి.  గచ్చుదీపానికున్న తెరమీద అంకెలు చూసింది. "ముప్పావుగంట. గీతలో ఎండ ముదిరిన చోట... మధ్యాహ్నం రెండుకీ మూడుకీ మధ్య."

"ఒక్కరోజా?"

"రోజూ వదినా."

మధ్యాహ్నం రెండింటికి మా మామగారు నిద్రపోయేవారు. అటు శేషమ్మగారి భర్త పాపయ్యగారు కూడా. ఆయన దస్తావేజులు రాసేవారు, ఊళ్ళో సగం ఇళ్ళ హద్దులు ఆయన చేతిరాతలోనే ఉన్నాయి. మా చూరునీళ్ళు వాళ్ళ గోడమీద పడుతున్నాయని మగవాళ్ళిద్దరూ కోర్టుకెక్కి, ఇంట్లో ఆడవాళ్ళకి మాటలు నిషేధించారు. ఆ వేళప్పుడు మేమూ పడుకునేవాళ్ళం. కొత్తకోడల్ని, 'కాసేపు నడుం వాల్చవే' అని అత్తగారు అంత ప్రేమగా ఎందుకనేవారో ముప్ఫై ఎనిమిదేళ్ళకి అర్థమైంది.

ఒకచోట శేషమ్మగారి పాదాలకు మట్టెల గుర్తులున్నాయి. ఆ పై పొరలో లేవు. పాపయ్యగారు పోయిన ఏడు అన్నమాట. ఆ రోజుల్లో మా అత్తగారి పాదాలు జానెడు దూరంలో ఆగలేదు. వేలికి వేలు తగిలేటంత దగ్గరగా ఉన్నాయి. ఎంతసేపని నేను అడగలేదు.

 విశాలి తల్లిపాదాల పక్కన కూర్చుండిపోయింది. చెయ్యి చాచింది కానీ తాకలేదు.

"ఇదేమిటి, ఏడాదికోచోట ఖాళీ?" అంది చివరికి. నిజమే, ఏటా ఒక రోజు గీతలో నడిచిన అడుగన్నదే లేదు.

"అది వడియాల రోజు," అన్నాను.

ఏటా మాఘమాసంలో ఒక రోజు శేషమ్మగారు సందు తలుపు గొళ్ళెం పెట్టేవారు. సందు పొడుగునా చాపలు, వాటిమీద పాత పంచెలు, వాటిమీద గుమ్మడి వడియాలు. ఏడాదంతా నన్ను పలకరించని మనిషి ఆ ఒక్కరోజూ తలుపు సందులోంచి, "ఇవాళ కుదరదే అమ్మాయ్, వడియాలు పెట్టాలి. చుట్టూ తిరిగి వెళ్ళు," అనేవారు. ఎండపెట్టడానికి అంత పెద్ద మేడ ఉండగా సందే ఎందుకో నాకు తెలిసేది కాదు. ఇప్పుడు తెలిసింది. ఏడాదికొక్క రోజైనా మూయకపోతే దారి పరాయివాళ్ళదైపోతుందని ఆ దస్తావేజుల మనిషి పెళ్ళానికి పాఠం చెప్పి ఉంటాడు.

"ఖాళీ కాదు," అంది విశాలి. "చుక్కలున్నాయి చూడు."

ఎనిమిది చుక్కలు. నాలుగు ఇక్కడ, నాలుగు అక్కడ. రెండు పీటల కోళ్ళు. పీటలు ఎదురెదురుగా కూడా లేవు, పక్కపక్కన ఉన్నాయి. ఒక పీట ముందు ఈడ్చినకాలు. ఇంకో పీట ముందు బొటనవేలు పక్కకి జరిగిన వెడల్పాటి పాదాలు.

ఏటా ఆ రోజు మా అత్తగారు మరిడమ్మ గుడికని చెప్పి పొద్దున్నే వెళ్ళేవారు. ఎండ దిగాక వచ్చేవారు. చేతులకి ఇంగువ వాసన, గుమ్మడికాయ వాసన. వారం తిరిగేసరికి డబ్బాడు వడియాలు తెచ్చి, "బజార్లో కొన్నానే," అనేవారు. అంత బావుండే వడియాలు ఏ బజార్లోనో కనుక్కుందామని నేను ఊరంతా తిరిగాను.

మా దారి మూయడానికి మా అత్తగారే సాయం వెళ్ళేవారన్నమాట.

నాకు నవ్వొచ్చింది. విశాలికి ఏడుపొచ్చింది. చీకట్లో ఎవరిది ఏదో తెలియకుండా కలిసిపోయింది. కళ్ళు తుడుచుకుని చూసేసరికి పీటలు ఆరిపోయాయి.

* * *

ఫొటోలు చూసి జోగారావుగారు చాలాసేపు గడ్డం గోక్కున్నారు.

"ఒక్కరోజు మూస్తే అంతరాయం కాదమ్మా. ఏడాదిపాటు అడ్డుపెట్టి, మీరు నోరుమూసుకుంటే అంతరాయం. దాంతో భయం లేదు. భయమంతా ఈ నిలబడ్డ పాదాలతోనే. వీళ్ళు స్నేహితులని తేలితే, మీరు నడిచింది హక్కుతో కాదు, చనువుతో అంటుంది కోర్టు. పీటలు మరీ ప్రమాదం. మూసినప్పుడు మీవాళ్ళే పక్కన కూర్చున్నారంటే ఆ సందు వాళ్ళదని ఒప్పుకున్నట్టే." గొంతు తగ్గించారు. "నడిచిన అడుగులు మటుకే రిపోర్టులో ఇవ్వండి. నిలబడ్డవి తీసెయ్యండి. అబద్ధం చెప్పమనడం లేదు. కొంచెం తక్కువ చెప్పమంటున్నాను. గచ్చు ఎలాగూ ఖాళీ కదా, ఇంకెవరూ చదవలేరు."

"సగం చదివితే అది చదవడం కాదండి," అంది విశాలి.

"మరి మొత్తం ఇస్తారా?"

ఆమె ఫొటోలు సర్దుకుని లేచింది. ఇంటికి వచ్చాక వారంపాటు గోడమీద ఒక్క దెబ్బా లేదు. ఎనిమిదో రోజు నేనే సందులోంచి వెళ్ళి, వాళ్ళింటి గడపమీద కూర్చున్నాను.

"అసలు రిపోర్టే ఇవ్వను వదినా," అంది. "అమ్మ ముప్ఫై ఏళ్ళు దాచుకుంది. దాన్ని నేను బయటపెట్టి కేసు ఓడిపోవాలా, కోసేసి గెలవాలా? రెండూ నావల్ల కాదు. నోటి సాక్ష్యంతో పోదాం."

"నోరంటే నాదే కదా."

"నీదే."

"దారి పోతే ఏం చేస్తావు?"

"గదులు అమ్మేస్తాను. దారిలేని గదులు ఆ బిల్డరే కొంటాడు. సామాను మళ్ళీ లారీ ఎక్కిస్తాను," అని నవ్వబోయింది. ఆ లారీ ఎక్కడికి వెళుతుందో తనకూ తెలియదు. ఆమెకి అరవై రెండేళ్ళు.

లేచి వస్తూ వస్తూ జోగారావుగారికి ఫోను చేశాను. "ఒక సందేహమండి. ఒకే ఇంటిని అన్నాచెల్లెళ్ళు పంచుకున్నాక చెల్లెలి వాటాకి వేరే దారే లేకపోతే?"

"అవసరం కొద్దీ పుట్టే హక్కు ఒకటుందమ్మా. అన్నగారి వాటాలోంచి దారి ఇవ్వాల్సిందే. ఇరవై ఏళ్ళు నడవక్కర్లేదు. కానీ మీకెందుకది? మీ వంటింట్లోంచి రాకపోకలు పడతారా?"

"ఊరికే అడిగానండి," అన్నాను. నేను ఊరికే అడిగానన్నప్పుడల్లా మా ఆయన జాగ్రత్తపడతారు. జోగారావుగారికి ఆ అనుభవం లేదు.

* * *

సాక్ష్యం రోజు పొద్దున్న జోగారావుగారు నాకు చివరి పాఠం చెప్పారు. "ఎదుటి ప్లీడరు కొన్ని వాక్యాలు చదివి 'అని నేనంటాను' అంటాడు. ప్రతిదానికీ 'నిజం కాదు' అనండి. ఇంకేం మాట్లాడకండి."

తేలికే అనిపించింది. కాపురంలో అంతకన్నా కష్టమైనవి అలవాటే. కూరలో ఉప్పు సరిపోయిందనీ, ఆడపడుచులొస్తే సంతోషమనీ ఎన్ని చెప్పలేదు.

బోనెక్కాను. తాయారు ముందు బెంచీలో కూర్చుంది. చిన్నప్పుడు సన్నగా ఉండేది. ఇప్పుడు అచ్చం శేషమ్మగారే. కుడికాలు కూడా కొంచెం ఈడుస్తోంది.

"సందు తమ సొంతమని శేషమ్మగారు ఏటా ఒకరోజు తలుపు మూసేవారని నేనంటాను."

"మూసేవారు. వడియాలకి." జోగారావుగారు కంగారుగా చూశారు.

"ఆవిడ మూసిన రోజు మీరు అభ్యంతరం చెప్పలేదని నేనంటాను."

"చెప్పలేదండి. పచ్చి వడియాలు తొక్కుకుంటూ ఎవరు వెళతారు?"

జడ్జిగారు తలొంచుకున్నారు, నవ్వు దాచుకోడానికేమో. ఎదుటి ప్లీడరు ఉత్సాహంగా కాగితం తిప్పాడు. ఆయనకూ తెలియదు, ఊరికే అలవాటు కొద్దీ చదివాడు. "మీ అత్తగారూ శేషమ్మగారూ ప్రాణస్నేహితులనీ, ఆవిడ దయమీదే మీ కుటుంబం సందు వాడుకుందనీ నేనంటాను."

జోగారావుగారు నావైపు చూసి తల అడ్డంగా, చాలా చిన్నగా ఊపారు. రెండే మాటలు. నిజం కాదు. ఆ మాటలంటే విశాలికి దారి. ఆ రెండు జతల పాదాలని ఇంకెవరూ చూడలేరు. గచ్చు ఖాళీ.

నాకు వేలికి వేలు తగిలిన ఆ రోజు గుర్తొచ్చింది.

"నిజమేనండి," అన్నాను.

ఎదుటి ప్లీడరు తర్వాతి వాక్యం మొదలుపెట్టి ఆగిపోయాడు. "ఏమన్నారు?"

"ప్రాణస్నేహితులన్నారు కదా. నిజమే. ఇంట్లో ఎవరికీ తెలియదు. రోజూ మధ్యాహ్నం ఆ సందులోనే మాట్లాడుకునేవారు. ఆ వడియాలు కూడా ఇద్దరూ కలిసే పెట్టేవారు. మేం తిన్నాం."

తాయారు లేచి నిలబడింది. కూర్చోమని ఎవరో అన్నారు. కూర్చోలేదు.

* * *

ఆటోలో విశాలి బయటికి చూస్తూ కూర్చుంది. వీధి మలుపు తిరిగాక, "నీకు నేను ఆ గదుల్లో ఉండటం మొదట్నుంచీ ఇష్టం లేదు వదినా," అంది. ఏ కోపమూ లేకుండా, రాయి వయసు చెప్పినట్టు.

"అవును," అన్నాను. "ఆ గోడ కట్టమన్నది నేనే. మీ అన్నయ్య కాదు."

ఆమె నావైపు తిరిగింది. ఆటో ఆగింది.

ఇంట్లోంచి దబ్ దబ్‌మని చప్పుడు. వీధి గుమ్మంలో మా ఆయన నిలబడి ఉన్నారు. జుట్టూ మీసం తెల్లగా సున్నమయం, నాటకంలో ముసలి వేషంలా. "మేస్త్రీ పొద్దున్నే వచ్చాడు. నువ్వు చెప్పావన్నాడు," అన్నారు. "ఎందుకని అడిగితే కోర్టునుంచి వచ్చాక అమ్మగారు చెబుతారన్నాడు. ఊళ్ళో మేస్త్రీకి తెలిసి నాకు తెలియనివి ఇంకేమైనా ఉన్నాయా?"

"చాలా ఉన్నాయి," అన్నాను.

వంటింటి గోడలో మనిషెత్తు కంత. అవతల విశాలి సీసాలమీద ఎండ పడుతోంది. ఆమె ఇటుక ముక్కల మధ్య నిలబడి చాలాసేపు ఆ కంతవైపు చూసింది. తర్వాత అటు వెళ్ళింది, ఇటు వచ్చింది. మళ్ళీ అటు వెళ్ళింది.

"ఒక్కటే షరతు," అన్నాను. "నా చారుగిన్నెల జోలికి రాకూడదు."

"షరతులు పెట్టే అధికారం నీకు లేదు వదినా," అంది, ముక్కు చీదుకుంటూ. "అవసరం కొద్దీ పుట్టే హక్కు నాది. జోగారావుగారు నాకూ చెప్పారు."

కేసు పోయింది. తీర్పు నాలుగు పేజీలు, అందులో వడియాలన్న మాట రెండుచోట్ల వచ్చింది. తీర్పు వచ్చిన వారానికి తాయారు మా గుమ్మంలోకి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"అమ్మ ఎవరితోనూ మాట్లాడేది కాదనుకున్నాను అక్కయ్యా," అంది. "నాన్న పోయాక అసలు ఒంటరిదైపోయిందనుకున్నాను. నేను రాజమండ్రిలో ఉండి రోజూ అదే బాధ."

విశాలి ఫొటో తెచ్చి ఇచ్చింది, రెండు పీటలది. తాయారు ఈడ్చినకాలు చారమీద వేలు పెట్టి పోనిచ్చింది. తర్వాత తన పాదంవైపు చూసుకుంది. సందు వదిలేస్తానని అనలేదు. పిల్లర్ల నక్షా అప్పటికే పాసైంది. నేనూ అడగలేదు. అడిగితే దయ అవుతుంది, దయమీద నడవడం ఎలాంటిదో జోగారావుగారు చెప్పారు కదా. వెళుతూ వెళుతూ, "గుమ్మడి వడియాల్లో అమ్మ ఏం వేసేదో తెలుసా మీకు?" అంది.

"ఇంగువ. కొంచెం ఎక్కువే," అన్నాను.

ఇప్పుడు సందు లేదు. అక్కడ అయిదంతస్తుల మీద ఎవరివో తువ్వాళ్ళు ఆరుతుంటాయి. మా వంటింటి కంతకి తలుపు పెట్టించి, కొత్త గడప దగ్గర గచ్చు వేయించాను. టైల్సు అతకవు అక్కడ అన్నాను మా ఆయనతో, ఆయన నమ్మారు. ఏడు రోజులు తొక్కద్దని చెప్పి మేస్త్రీ వెళ్ళాడు. మర్నాడు పొద్దున్న చూస్తే పచ్చి సున్నంలో రెండు జతల అడుగులున్నాయి. ఒకటి నాది. రెండోది ఎవరిదని నేను అడగలేదు.

విశాలి రోజుకి పదిసార్లు నా వంటింట్లోంచి పోతుంది, వస్తుంది, ఎవర్నీ అడగదు. హక్కుదారు కదా. ఏటా మాఘమాసంలో ఒక రోజు మటుకు నేను గుమ్మడికాయ కోరి పెట్టుకుని, పొద్దున్నే ఆ తలుపు గొళ్ళెం పెడతాను. ఆ రోజే ఆమెకి బజారుపని గుర్తొస్తుంది. అటునుంచి తలుపు కొడుతుంది.

"వదినా, వెళ్ళొచ్చా?"

"ఇవాళ కుదరదు. వడియాలు పెట్టాలి," అంటాను గొళ్ళెం తీస్తూ. "పీట తెచ్చుకో."